నీళ్ళ బండి దాహం

పన్నెండు వేల లీటర్లు వీపున మోస్తూ
పళ్ళికరణై చిత్తడి దాటుతుండగా
దాహమేసి ఆగిపోయింది మా బండి.
మే నెల. పగలు పదకొండు.
వెనక హారన్లు,
ముందు జల్లెడలోంచి బుసబుసమని ఆవిరి.

ఇలాంటప్పుడు నేనేం చేసేవాణ్ణో చెబుతాను,
దాచడానికేముంది:
వెనక కొళాయి తిప్పి బక్కెట్టు పట్టి
రేడియేటర్ నోట్లో పోసేవాణ్ణి.
ఊరికి పోసే చేతికి ఇంజనుకు పోయడం ఒక లెక్కా?
మూడేళ్ళు
అది తాగింది, నేను తోలాను.

ఈసారి తాగింది తాగినట్టే కక్కింది.
ఇంకో లారీకి గొలుసు కట్టి
మేడవాక్కం కూటురోడ్డులో
కన్నియప్ప మేస్త్రి రేకుల షెడ్డుకి ఈడ్చుకొచ్చాం.
ఆయన స్పానరు ముట్టలేదు, టీ తెప్పించాడు.
"చల్లారనీ. వేడి మీద మూత తిప్పితే ఏమవుద్దో చూస్తావా?"
ఎడమ చెంప నా వైపు తిప్పాడు.
నేను టీ తాగాను.

సాయంత్రానికి రేడియేటర్ విప్పి
గొట్టం ముక్క ఒకటి కోసి నా అరచేతిలో పెట్టాడు.
లోపల తెల్లగా, గరుగ్గా,
ఏళ్ళ తరబడి తోమని ఇడ్లీ కుండ అడుగు.
పుల్ల దూర్చితే పుల్ల విరిగింది.
"నీ నీళ్ళే ఇవి.
నీళ్ళు పోయినయ్, రాయి మిగిలింది."

ఫోన్లో ఓనరమ్మ గజలక్ష్మి:
"నీళ్ళ బండికి నీళ్ళు కొనాలా?
గడ్డకట్టకుండా పోసే మందంట!
ఈ మద్రాసులో ఐసుపెట్టెలో తప్ప
ఏం గడ్డకడతదిరా?"

మేస్త్రి ఫోను లాక్కున్నాడు.
"పేరు చలిదేశపోళ్ళు పెట్టారమ్మా, పని ఇక్కడా చేస్తది.
గడ్డకట్టనియ్యనిది తొందరగా మరగనియ్యదు కూడా.
తుప్పుని గడప దాటనియ్యదు."
అటువైపు చాలాసేపు లెక్కల నిశ్శబ్దం.
తర్వాత, సరే.

అంత మంచిదైతే నీళ్ళెందుకు,
మొత్తం అదే పోసేయమన్నాను.
ఆయన నవ్వితే కాలిన చెంప నవ్వలేదు.
"వేడి మోయడంలో నీళ్ళని మించిన కూలీ లేడబ్బాయ్.
ఇది కాపలావాడు.
బండి నిండా కాపలావాళ్ళని ఎక్కిస్తే
మూట మోసేదెవడు?"

ఇరవై లీటర్లలో ఎనిమిది ఇది, పన్నెండు అది.
అది అంటే బ్యాటరీలకి పోసే నీళ్ళు,
ఏ బావినీ ఏ బోరునీ ఎరగనివి.
కొండల మీద చలికి పోయే బండైతే సగం సగం,
నీది ఈ ఎండలోనే చచ్చే బండి, ఇది చాలు, అన్నాడు.
కుర్రాడు అంగట్లోంచి ఒక డబ్బా పచ్చది, ఒకటి ఎర్రది తెస్తే
ఎర్రది వెనక్కి పంపాడు.
రెండూ కలిస్తే లోపల జావ కట్టొచ్చట.

రేడియేటర్‌లో పోసి కలపలేదు;
బక్కెట్లో కలిపి పోశాడు,
చిలకపచ్చ రంగు, సాంబారు గరిటెతో తిప్పుతూ.
నేల మీద నాలుగు చుక్కలు పడ్డాయి.
షెడ్డు కుక్క మూతి చాచింది.
అప్పటిదాకా నిమ్మళంగా ఉన్న మనిషి
చెప్పు విసిరాడు.
"తియ్యగా ఉంటది ఈ పాడుది. నాకితే బతకదు."
ఆ నాలుగు చుక్కల మీద ఇసుక పోసి, ఎత్తి, సంచిలో కట్టి
అప్పుడు చెప్పు వెతుక్కున్నాడు.

మర్నాడు, వీపున అవే నీళ్ళతో,
పెరుంబాక్కం అపార్టుమెంటు.
దారంతా ముల్లు మధ్యలోనే,
అలిగి కూర్చున్న పిల్లలా కదల్లేదు.
సంపు మూత తీసి గొట్టం దించాను.
పక్కన కొళాయి మూతికి
తెల్లటి పొర.
గోటితో గీరాను. తెలిసిన గరుకే.

వాచ్‌మన్ సింగారం ప్రతిసారీ అడిగేదే అడిగాడు:
"తాగొచ్చా?"
ఎప్పుడూ చెప్పే 'ఫస్టుక్లాసు' నాలుక చివరిదాకా వచ్చింది.

"మా బండికి పొయ్యం"
అన్నాను.

అతను నన్నూ గొట్టాన్నీ కాసేపు చూసి
పుస్తకంలో ఒక లోడు అని రాసుకుని
సంతకం పెట్టమన్నాడు.